ఆడవాళ్ల వైపు చివరి వరుస

కాజీపేట స్టేషన్‌లో ముప్ఫై ఒక్క ఏళ్లు టికెట్ కౌంటర్‌లో పనిచేసి రిటైరయ్యాను. అద్దానికి ఇవతల కూర్చుని అవతలి మనిషితో మాట్లాడడం నాకు అలవాటు. ఎక్కడికి, ఎందరు, ఏ బండి. ఈ మూడు ప్రశ్నలు దాటి ఎవరినీ ఏమీ అడగాల్సిన అవసరం ఉద్యోగంలో రాలేదు. మా ఆయన లోకో షెడ్డులో ఫిట్టర్. నేను రిటైరయ్యేనాటికి ఆయన పోయి నాలుగేళ్లయింది.

మా చర్చి రైల్వే క్వార్టర్ల వెనక ఉంటుంది. రేకుల షెడ్డుగా మొదలై తర్వాత స్లాబ్ పడింది. పాస్టరుగారిని మేమందరం అయ్యగారు అంటాం. ఆయన గుంటూరు వైపు మనిషి, నాకంటే పదేళ్లు చిన్న. నేను రిటైరైన ఏడాది వానాకాలంలో ఆయన నన్నూ ఇంకో ఇద్దరినీ పిలిచి ఒక పని చెప్పారు.

"పట్టాల అవతల గుడిసెల్లో, రేకుల గదుల్లో చాలామంది ఉన్నారమ్మా. చర్చికి రారు, రాలేరు. వాళ్లకు తోడంటూ ఎవరూ లేరు. వారానికొకసారి వెళ్లి కాసేపు కూర్చుని రండి. కరపత్రాలు పంచొద్దు. ప్రసంగాలు చెయ్యొద్దు. అడిగితే ప్రార్థన చేయండి. అడక్కపోతే ఊరికే కూర్చోండి."

"ఊరికే కూసోని ఏం జేయాలె అయ్యగారూ?" అన్నాను.

"కూర్చుంటే తెలుస్తుందమ్మా. నాకూ సరిగ్గా తెలీదు" అన్నారాయన.

మిగిలిన ఇద్దరూ రెండు వారాలు వచ్చి మానేశారు. నేను మానలేదు. అది భక్తి అని చెప్పలేను. గురువారం మధ్యాహ్నాలు ఇంట్లో తోచేది కాదు. మొదట్లో ఒక పూటకి ఐదిళ్లు చుట్టేసేదాన్ని. గుమ్మంలో నిలబడి బాగున్నారా అనడం, కళ్లు మూసుకుని గబగబా ప్రార్థన చేయడం, చెప్పులు వేసుకోవడం. ఒక ముసలమ్మ ఉండేది, కొడుకులెవరూ చూడని మనిషి. నేను లేవబోతుంటే ఒకరోజు, "నీ బండికి టైమైనట్టున్నది" అంది. ఆమె వెటకారంగా అనలేదు. నిజంగానే నేనేదో బండి అందుకోవాలనుకుంది. ఆ తర్వాత నుంచి ఇళ్లు తగ్గించాను.

ఆ చలికాలంలో ఆ ముసలమ్మకు బీపీ గోలీలు తేవడానికి బస్తీ దవాఖానకు వెళ్లాను. మగవాళ్లది ఒక లైను, ఆడవాళ్లది ఒక లైను. నా చీటీ ఇంకా ఇవ్వలేదు, జనం పల్చబడతారేమోనని బెంచీ మీద కూర్చున్నాను. ఒక హిజ్రా కుంటుకుంటూ వచ్చి నా పక్కన కూర్చుంది. యాభై దగ్గర వయసు, నేత చీర, కుడి పాదానికి పాత గుడ్డ చుట్టి ఉంది. పక్కన పెట్టుకున్న బ్యాగును నేను ఒళ్లోకి తీసుకున్నాను.

"అమ్మా, జర నా చీటీ గూడ నీ చీటీతోటి పెట్టవా" అంది. "ఆ లైన్ల నిలబడితే మొగోళ్లు ఊకోరు. ఈ లైన్ల నిలబడితే ఆడోళ్లు ఊకోరు. రెండు లైన్లు అయిపొయ్యేదాక కూసుంటే డాక్టరమ్మ లేసిపోతాంది."

చీటీ తీసుకుని పెట్టాను. కాసేపటికి నర్సు ఆ చీటీ చూసి గట్టిగా ఒక మగ పేరు పిలిచింది. ఎవరూ కదల్లేదు. మళ్లీ పిలిచింది. అప్పుడు నా పక్కనున్న మనిషి లేచి, "నేనే" అని చెప్పి లోపలికి నడిచింది. హాల్లో ఉన్న తలలన్నీ ఆమె వెనకే తిరిగాయి. ఎవరో నవ్వారు కూడా.

నడక చూశాక ఆమెను గుర్తుపట్టాను. ఇరవై ఏళ్లుగా ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీద చూసిన మనిషే. చప్పట్లు కొడుతూ జనరల్ బోగీలు ఎక్కిదిగేది. నా కౌంటర్ పక్కనున్న కూలర్ దగ్గర సీసాలో నీళ్లు పట్టుకునేది. ఒక్కసారి కూడా పలకరించుకోలేదు.

ఇంటికొచ్చి అన్నం తింటుంటే బ్యాగు గుర్తొచ్చింది. ఆమె కూర్చోగానే దాన్ని ఒళ్లోకి లాక్కున్నాను. అప్పుడు అది నాకు తప్పనిపించలేదు. ఆమె ఆ బ్యాగు వంక చూసి, తర్వాతే నన్ను చీటీ పెట్టమని అడిగింది. ఆ వారమంతా అది మనసులోంచి పోలేదు.

తరువాతి గురువారం ముసలమ్మను అడిగి, దవాఖానలో కలిసిన ఆమె ఇల్లు తెలుసుకుని వెళ్లాను. వరసగా ఉన్న ఆరు రేకుల గదుల్లో చివరిది. ఆమె గడప దగ్గర కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. నన్ను చూడగానే, "కౌంటర్ల కూసునే అమ్మవు గదా నువ్వు" అంది. "నిన్ను ఎప్పుడూ అద్దంల నుంచే సూసిన. ఇంత పొట్టిగున్నవని తెల్వదు."

లోపల ఒక మంచం, స్టవ్వు, గోడకు మూడు పటాలు. ఎల్లమ్మ, దర్గా, పక్కన ఎవరో ఇచ్చిన క్యాలెండర్ మీద గొర్రెపిల్లను ఎత్తుకున్న యేసు. ముగ్గురికీ కలిపి ఒకటే అగరుబత్తి. కాలు ఎలా ఉందని అడిగాను. షుగర్ అట. రైళ్లలో ఎక్కిదిగే ఓపిక పోయింది. ఆమె దగ్గర పెరిగిన చిన్నవాళ్లు, ఇద్దరు హిజ్రాలు, రోజూ రైళ్ల మీదకు వెళ్లి వస్తారు, వాళ్లే ఇంత వండి పెడతారు.

"చర్చి నుంచి వచ్చినవ్ గదా, ప్రార్థన చెయ్" అంది.

కళ్లు మూసుకున్నాను. మామూలుగా అయితే నోటికి మాటలు వాటంతటవే వస్తాయి. నీ కుమారుని దీవించు, నీ కుమార్తెను దీవించు అని. ఆరోజు ఆ మాట దగ్గరికొచ్చి ఆగిపోయాను. ఏమనాలో తెలియక, "దేవా, ఈ ఆత్మను కరుణించు, ఈ ఆత్మకు స్వస్థత ఇవ్వు" అంటూ ఎలాగో ముగించి ఆమెన్ అన్నాను.

ఆమె నన్నే చూస్తోంది. "ఈ ఆత్మ, ఈ ఆత్మ అంటవేంది? నేనింక సావలేదు గదమ్మా."

నాకు నవ్వొచ్చింది. ఆమె కూడా నవ్వింది. కానీ నేను ఎక్కడ తప్పించుకున్నానో ఆమెకు తెలిసిపోయిందని నాకూ అర్థమైంది.

వారమంతా ఆలోచించి ఒక మాట వెతుక్కున్నాను. అయ్యగారు ప్రార్థనల్లో, "నీ బిడ్డలను కాపాడు" అంటారు. ఆయన వైపు బిడ్డ అంటే కొడుకైనా కూతురైనా ఒకటే. మా చర్చిలో చదివే, పాడే తెలుగులోనూ అంతే. ఎటూ చెప్పకుండా దాటెయ్యడానికి బాగుంటుందనిపించింది. మళ్లీ వెళ్లినప్పుడు, "ప్రభువా, నీ బిడ్డను చూడు, నీ బిడ్డ కాలు నయం చెయ్యి" అని ప్రార్థన చేశాను.

కళ్లు తెరిచేసరికి ఆమె కొంగు తలమీదకు లాక్కుని కూర్చుంది. ముఖం కనిపించలేదు. "ఇంకొకపారి అను" అంది.

"నీ బిడ్డను చూడు ప్రభువా" అన్నాను.

ఇంటికి వస్తూ రైల్వే గేటు దగ్గర నిలబడి ఉన్నప్పుడు తట్టింది. మా వరంగల్ వైపు బిడ్డ అంటే కూతురే. నీకెందరు పిల్లలు అంటే ఒక కొడుకు, ఒక బిడ్డ అంటాం. నేనూ చిన్నప్పటినుంచీ అలాగే మాట్లాడిన దాన్ని. చర్చి తెలుగులో నేను దాక్కుంటే ఆమె ఇంటి తెలుగులో విన్నది. నేను అనని మాట ఆమెకు అందింది. తర్వాతి వారం ఆ సంగతి చెప్పాలనుకున్నాను. చెప్పలేదు. ఆ మాటే వాడుతూ పోయాను.

అలా గురువారాలు గడిచాయి. నన్ను అక్కా అనడం మొదలుపెట్టింది. నేను కొన్నాళ్లు ఏమీ అనకుండా నెట్టుకొచ్చి, ఒకరోజు అనుకోకుండా చెల్లె అన్నాను. అదే నిలిచిపోయింది. ఆమెది నర్సంపేట అవతల ఒక పల్లె. చిన్నప్పుడు తల్లితో పత్తి ఏరడానికి పోయేది. పదహారేళ్లకు ఇల్లు వదిలి వచ్చింది. కాజీపేటలో ఒక పెద్ద హిజ్రా తన దగ్గర పెట్టుకుని పెంచింది. ఆ గురువు పోయింది. తల్లి పోయిన సంగతి ఆరు నెలల తర్వాత ఊరివాళ్లెవరో రైల్లో కనబడి చెబితే తెలిసింది. అది చెప్పిన రోజున ప్రార్థన చెయ్యనా అని అడిగితే వద్దంది. సాయంత్రం దాకా ఇద్దరం మాట్లాడకుండా కూర్చున్నాం. అంతసేపు ఏమీ చేయకుండా ఒకరి పక్కన కూర్చోవడం నాకు అదే మొదటిసారి.

అప్పుడప్పుడు బైబిల్లోంచి కీర్తన ఒకటి చదివి వినిపించేదాన్ని. ఆమెకు చదువు రాదు. శ్రద్ధగా వినేది. ఒకసారి చివరిదాకా విని, "ఈయన గూడ దేవున్ని మస్తు నిలదీసిండు గదా. గట్ల అడగచ్చా?" అంది. అడగొచ్చు అన్నాను. "నాకు తెల్వక ఇన్నొద్దులు మంచిగ మాట్లాడిన" అంది.

ఎండాకాలంలో ఒకరోజు చాయ్ గ్లాసు నా చేతికిచ్చి, "ఎప్పుడూ నా ముచ్చటే అయితాంది. ఇగ నీ సంగతి చెప్పు" అంది.

నా సంగతేముంది అన్నాను. మా ఆయన ఎలా పోయాడని అడిగింది. షెడ్డులో గుండె నొప్పి వచ్చి పోయాడని చెప్పాను. అందరికీ చెప్పేది అంతవరకే. ఆమె ఇంకేదో ఉన్నట్టు ఎదురుచూస్తూ కూర్చుంది. అప్పుడు చెప్పాను. అంతకు ముందు రోజు ఏదో చిన్న విషయానికి గొడవపడ్డాం. పొద్దున ఆయన డ్యూటీకి పోతూ "పోయొస్త" అన్నాడు. నేను వంటింట్లోంచి పలకలేదు. వినిపించింది, అయినా పలకలేదు. పదకొండు గంటలకు ఫోను వచ్చింది. ఈ సంగతి నా కూతురికి కూడా తెలియదు. ప్రార్థనలో సైతం పైకి అనలేదు.

ఆమె మంచం దిగి కుంటుతూ వచ్చి నా తల మీద రెండు చేతులూ పెట్టింది. నా ముఖం చుట్టూ చేతులు తిప్పి, తన కణతలకు ఆనించుకుని పటపటా మెటికలు విరిచింది. నన్నెవరూ అలా ముట్టుకుని చాలా ఏళ్లయింది. అయ్యగారు ఇళ్లకు పంపింది వాళ్లకు తోడుగా ఉండమని. ఆరోజు ఎవరికెవరు తోడుగా ఉన్నారో చెప్పడం కష్టం.

వానలు మొదలయ్యాక ఆమె అడిగింది. "అక్కా, ఆదివారం మీ చర్చికి నేను రావచ్చునా?"

"ఎందుకు రావద్దు" అన్నాను వెంటనే.

"ఏ దిక్కు కూసోవాలె?"

మా చర్చిలో ఎడమవైపు మగవాళ్లు, కుడివైపు ఆడవాళ్లు. మధ్యలో దారి. అయ్యగారిని అడిగి చెబుతానన్నాను.

ఆ సాయంత్రమే వెళ్లి అయ్యగారిని అడిగాను. "రావొచ్చమ్మా. ఎవరైనా రావొచ్చు. కానీ పెద్దలతో ఒక మాట అనుకుంటాను" అన్నారు. పెద్దల సమావేశానికి నన్ను కూడా పిలిచారు. ఒక పెద్దాయన "వాడొస్తే" అన్నాడు. ఇంకొకాయన "అదొస్తే" అన్నాడు. అయ్యగారు చివరిదాకా "ఆ మనిషి వస్తే" అనే అన్నారు. నేను మాట్లాడిన రెండుసార్లూ ఆమె అన్నాను, అంతకు మించి ధైర్యం చేయలేదు. గంటసేపు మాట్లాడుకుని, కోత పండుగ అయ్యాక చూద్దామని లేచారు.

ఆమె కోత పండుగ దాకా ఆగలేదు. ఆ ఆదివారమే ఆటోలో వచ్చింది. తెల్లంచు చీర, తలమీద కొంగు. లోపలికి రాలేదు. చెప్పులు విడిచే చోట కుళాయి గట్టు ఉంటుంది, దాని మీద కూర్చుంది. నేను లోపల మూడో వరుసలో ఉన్నాను. కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది. లేచి వెళ్లాలనుకుంటూనే ఆరాధన అయ్యేదాకా లేవలేదు. అందరూ చూస్తారని.

తర్వాత బయటికొచ్చి ఆమె దగ్గర నిలబడితే, "పాటలు మంచిగ వినవడ్డయ్ అక్కా. అయ్యగారు చెప్పిందే సక్కగ వినరాలే" అంది. నాతో ఏ నిష్ఠూరమూ ఆడలేదు. ఆడితే బాగుండేదనిపించింది.

మరుసటి ఆదివారం నేను ఒక ప్లాస్టిక్ కుర్చీ పట్టుకుని బయటికి వెళ్లి ఆమె పక్కన వేసుకున్నాను. నాలుగు ఆదివారాలు అలా కూర్చున్నాం. ఒకరోజు వాన కొడితే సజ్జా కిందకు జరిగాం. వచ్చిపోయేవాళ్లలో కొందరు నాకు మాత్రమే వందనం చెప్పేవాళ్లు. కొందరు ఇద్దరికీ చెప్పేవాళ్లు.

నాలుగో ఆదివారం వదిన బయటికొచ్చింది. మా ఆయనతో పనిచేసినాయన భార్య, క్వార్టర్లలో పక్కపక్కనే ఉండేవాళ్లం కాబట్టి వదిన అని పిలుస్తాను. చర్చిలో అందరికంటే గట్టిగా అభ్యంతరం చెప్పింది ఆమే. నాకు కారణం తెలుసు. చాలా ఏళ్ల కింద వాళ్ల మామతో కలిసి పెళ్లికి రైల్లో పోతుంటే కొందరు హిజ్రాలు వచ్చి అడిగారు. ఆయన ఇవ్వనన్నాడు. బోగీ అంతా చూస్తుండగా ఆయన పంచె లాగారు.

వదిన నేరుగా వచ్చి ఆమె ముందు నిలబడింది.

"మా మామ రైల్వేల ముప్పయ్యేండ్లు చేసిండు. ఆ దినం మీరు చేసిన పనికి, సచ్చేదాక మల్ల రైలెక్కలే. పెండ్లికి పోయినోడు పెండ్లిల అన్నం గూడ తినలే. అది నీకు తెల్సా?"

ఆమె గట్టు మీది నుంచి లేచి నిలబడింది. కాలు నొప్పి వల్ల గోడ పట్టుకుంది.

"ఆ దినం నేనున్ననో లేనో నాకు తెల్వదు అక్కా. ఉండకపోవచ్చు. గని గట్లాంటిది నేను గూడ చేసిన. ఒకటి కాదు, శానసార్లు చేసిన. నన్ను మాఫ్ జెయ్."

"మాఫీ నన్నెందుకు అడుగుతానవ్? పోయిన ఇజ్జతు నాది గాదు. ఆయన లేడు."

"అయితే ఎవర్ని అడగాలె?"

అయ్యగారు గుమ్మంలో నిలబడి అంతా విన్నారు. వదిన చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది. ఆమె గట్టు మీద కూలబడి, "నిజమే అన్నది" అంది.

ఆ తర్వాతి ఆదివారం మొదటి పాట మొదలవకముందే అయ్యగారు బయటికి వచ్చారు. "లోపలికి రండమ్మా" అన్నారు.

ఆమె నా వైపు చూసి, ఆయన్ని అడిగింది. "ఏ దిక్కు అయ్యగారూ?"

"మీరు ఏ వైపు కూర్చుంటానంటే ఆ వైపే."

"ఆడోళ్ల దిక్కు."

"రండి" అన్నారాయన. ఆయనే ముందు నడిచారు. ఆడవాళ్ల వైపు చివరి వరుసలో తలుపు దగ్గర, కాలు చాపుకోవడానికి వీలుగా కుర్చీ వేశారు. నేను పక్కన కూర్చున్నాను. ముందు వరుసలో వాళ్లు ఒకరిద్దరు వెనక్కి తిరిగి చూసి మళ్లీ పాటల పుస్తకంలోకి చూసుకున్నారు. పెద్దల నిర్ణయం లేకుండా ఎలా పిలిచారని అయ్యగారిని ఆ సాయంత్రం ఇద్దరు ముగ్గురు అడిగారట. ఆయన ఏం చెప్పారో నాకు తెలియదు. రెండు కుటుంబాలు రావడం మానేశాయి. ఒకటి తర్వాత తిరిగొచ్చింది, ఇంకొకటి రాలేదు. వదిన మాత్రం మానలేదు. ఎప్పుడూ వెనక కూర్చునే మనిషి మొదటి వరుసకు మారింది.

ఇదంతా మంచిగానే జరిగిపోయిందని నేను అనుకుంటున్న రోజుల్లో ఒక గురువారం ఆమె నన్ను పట్టుకుంది. గదిలోకి వెళ్లి కూర్చోగానే అడిగింది.

"అయ్యగారు ప్రార్థనల మొగోళ్లను గూడ బిడ్డలే అంటాండు. మొన్న ఒక పిలగాని పుట్టినరోజుకు నీ బిడ్డను దీవించు అన్నడు."

"వాళ్ల దిక్కు అట్లనే అంటరు" అన్నాను.

"నువ్వు నన్ను బిడ్డ అన్నది గా లెక్కల్నా?"

అబద్ధం చెప్పే వీలుంది. చెప్పలేకపోయాను. "మొదాల్ల గా లెక్కల్నే అన్న. కొడుకు అనాల్నో కూతురు అనాల్నో తెల్వక, రెండిట్లకు పనికొస్తదని అన్న. నువ్వు వేరే తీరుగ విన్నవని అదే రోజు సమజైంది. చెప్పలే."

ఆమె చెరుగుతున్న బియ్యం చేట పక్కన పెట్టింది. "ఎనిమిది నెలలాయె. ఆ మాట తలుసుకుంటనే పండుకున్న నేను."

"తప్పయింది చెల్లె."

"ఇయ్యాల ప్రార్థన వద్దు. నువ్వు పో" అంది.

వచ్చేశాను. ఆ ఆదివారం ఆమె చర్చికి రాలేదు. చివరి వరుసలో నా పక్క కుర్చీ ఖాళీగా ఉంది. ఫోను చేస్తే చిన్నవాళ్లెవరో ఎత్తి పండుకుందని చెప్పారు. గురువారం పోవాలా వద్దా అని పొద్దుననుంచీ ఊగిసలాడి, చివరికి పోయాను. తలుపు దగ్గరగా వేసి ఉంది. బయట నిలబడి పిలిచాను. "తెరిసే ఉన్నది" అని లోపలినుంచి అంది.

వెళ్లి నేల మీద కూర్చున్నాను. ఆమే అడిగింది.

"ఇప్పుడు చెప్పు. ఇప్పుడు ఏ లెక్కల అంటవ్?"

"మన దిక్కు లెక్కల్నే" అన్నాను. "బిడ్డ అంటే ఆడబిడ్డ. ఎప్పటి సంది అట్ల అంటాన్నో నాకు గూడ తెల్వదు. గని శాన దినాల సంది అట్లనే అంటాన."

ఆమె నా ముఖంలోకి చూసి, లేచి స్టవ్వు వెలిగించింది. "చక్కెర లేకుంట తాగుతవా? మా ఇంట్ల అందరం బందు జేసినం" అంది. తాగుతానన్నాను.

తరువాతి ఎండాకాలం పాదం పుండు లోపలికి పాకింది. పెద్ద దవాఖానలో రెండు వేళ్లు తీసేయాలన్నారు. ఏ వార్డులో పడుకోబెట్టాలన్నది అక్కడ కూడా ప్రశ్నే అయింది. అయ్యగారు వచ్చి వార్డు సిస్టర్‌తో మాట్లాడితే ఆడవాళ్ల వార్డులో మూలమంచం ఇచ్చారు. పక్క మంచాలవాళ్లు మొదటి రోజు అడ్డంగా దుప్పటి కట్టుకున్నారు. మూడోరోజుకు దాన్ని ఉతికి ఆరేసుకున్నారు, మళ్లీ కట్టలేదు. పగలు నేను ఉండేదాన్ని, సాయంత్రం ఆమె దగ్గరి చిన్నవాళ్లు వచ్చేవాళ్లు.

ఒకరోజు పొద్దున నేను బయల్దేరుతుంటే వదిన గిన్నె పట్టుకుని వచ్చింది. జొన్న గటక, పైన మజ్జిగ పోసి ఉంది. "షుగరోళ్లకు మంచిది. నేనిచ్చిన్నని చెప్పకు" అంది. నేను చెప్పాను. ఆమె తాగి, "ఉప్పు తక్కువైంది" అంది. సాయంత్రం గిన్నె తిరిగి ఇస్తుంటే వదిన అడిగింది, "ఆమె తాగిందా?" తాగిందని చెప్పాను. ఉప్పు సంగతి చెప్పలేదు. వదిన దవాఖానకు మాత్రం రాలేదు. ఇప్పటికీ వాళ్లిద్దరి మధ్య మాటలు లేవు. చర్చిలో ఎదురైతే వదిన తల ఊపుతుంది, ఆమె చేతులు జోడిస్తుంది. అంతవరకే.

ఆమె ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తుంది. కాలు బాగుంటే ఆదివారాలు వస్తుంది, లేకపోతే రాదు. బాప్తీస్మం సంగతి ఒకసారి తానే ఎత్తి, "ఏ పేరు తోటి ఇస్తరు అయ్యగారూ?" అని అడిగింది. మీరు చెప్పిన పేరుతోనే అన్నారాయన. ఆలోచించుకుంటానంది. రెండేళ్లయింది, ఇంకా ఆలోచిస్తోంది. ఆయన మళ్లీ అడగలేదు, నేనూ అడగలేదు. గోడమీద మూడు పటాలూ అలాగే ఉన్నాయి. కొత్తగా మా చర్చికి వచ్చినవాళ్లలో కొందరు నన్ను, ఆమె ప్రభువును నమ్ముకుందా అని అడుగుతుంటారు. దేవుడితో ఆమె మాట్లాడటం నేను విన్నాను. నాకంటే సూటిగా మాట్లాడుతుంది. అంతకు మించి నాకు తెలియదు.

బీపీ గోలీల ముసలమ్మ పోయిన ఏడాది చనిపోయింది. ఇప్పుడు గురువారం రెండిళ్లకే వెళ్తాను. మోకాళ్లు అంతకంటే సహకరించవు.

మొన్న గురువారం వాన ముసురులోనే వెళ్లాను. ఆమె గోకరకాయలు ముందేసుకుని మంచం అంచున కూర్చుంది. లేని వేళ్లు రాత్రంతా సలిపాయని, మాట్లాడబుద్ధి కావడం లేదని చెప్పింది. నేను గొడుగు మూలన ఆనించి, నేల మీద కూర్చుని, నా వంతు కొన్ని కాయలు ఇటు తీసుకున్నాను. ఇద్దరం ఈనెలు తీస్తూ కూర్చున్నాం. కూర తరగడం అయ్యేసరికి ఐదున్నర. చిన్నవాళ్లు వచ్చి స్టవ్వు వెలిగించాక లేచి ఇంటికొచ్చాను.